సుంకి ఘాట్ దిగే కారుకు సెకండ్ హ్యాండు టైర్లు వద్దు తమ్ముడూ

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది కొరాపుట్ జిల్లా జయపురం. ఇక్కడే చిన్న బట్టల షాపు ఉంది. 2018లో కొన్న సెడాన్ కారు వాడుతున్నా, 54 వేల కిలోమీటర్లు తిరిగింది, టైర్లు మాత్రం కారుతో పాటు వచ్చినవే. అమ్మకు కిడ్నీ సమస్య, ప్రతి నెలా విశాఖపట్నం తీసుకెళ్లి డాక్టరుకు చూపించాలి. అవీ ఇవీ కలిపి ఇప్పుడు నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతోంది. మొన్న సర్వీసింగ్‌లో నాలుగు టైర్లూ మార్చేయమన్నారు, కొత్తవి 22 వేలు అవుతాయట. మా బావగారు సెకండ్ హ్యాండువి ఒక్కోటి 1,800కే ఇప్పిస్తానంటున్నారు. గీతలు బాగానే ఉన్నాయి, ఏడాదిన్నర ఢోకా లేదంటున్నారు. ఒక ఫ్రెండేమో వెడల్పు టైర్లు వేయించు, గ్రిప్ బాగుంటుంది అంటున్నాడు. పోనీ కొత్తవి రెండే వేయిద్దామంటే ముందుకా వెనక్కా తెలియట్లేదు. షాపు అంతంతమాత్రంగా నడుస్తోంది. టైర్ల మీద అంత డబ్బు పెట్టడం అవసరమా? వచ్చే నెల 20న మళ్లీ విశాఖ ప్రయాణం ఉంది. – ఒక తమ్ముడు, జయపురం

జవాబు:

తమ్ముడూ, ముందు సూటిగా జవాబు చెప్పేస్తా, ఎందుకో తర్వాత చెప్తా. కొత్తవే వేయించు, నాలుగూ వేయించు, డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద ఏ సైజు రాసి ఉందో అదే వేయించు. సెకండ్ హ్యాండువి ఈ దారికి వద్దు. అమ్మ కూర్చునే కారుకు అసలే వద్దు.

నేనుండేది రాయగడలో. మా నాన్న సాలూరులో లారీ నడిపేవారు, చిన్నప్పుడు సెలవులొస్తే క్యాబిన్‌లో కూర్చుని ఆయనతో పాటు తిరిగేవాణ్ణి, కాబట్టి నువ్వు రాసిన దారి నాకు కొట్టినపిండి. జయపురం నుంచి కొరాపుట్‌కి ఒక ఘాట్ ఎక్కుతావు, సెమిలిగుడ, పొట్టంగి దాటాక సుంకి దగ్గర రెండోది దిగుతావు. కొరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంటే సాలూరు దాదాపు 120 మీటర్ల దగ్గర ఉంది. అంటే ఒక్క పూటలో ముప్పావు కిలోమీటరు ఎత్తు నుంచి కిందికి దిగుతున్నావన్నమాట, అదీ మలుపుల్లో, ఎదురుగా లోడు లారీలు వస్తుండగా, జూన్ నుంచి అక్టోబరు దాకా వానలో, చలికాలం పొద్దున్నే పొగమంచులో. మైదానంలో, తిన్నని రోడ్డు మీద, ఊళ్లోనే తిరిగే కారుకు ఎవరైనా ఈ ప్రశ్న అడిగితే ఇంత గట్టిగా చెప్పేవాణ్ణి కాదేమో.

ఇంకో కారణం కూడా ఉంది. 2014 ఆగస్టులో నేనూ నీలాగే డబ్బు చూసుకుని వెనక రెండు టైర్లూ సెకండ్ హ్యాండువి వేయించా. వేసినాయన మంచివాడే, నాకు తెలిసినవాడే, గీతలు నిండుగా ఉన్నాయని వేలు పెట్టి చూపించాడు, నేనూ చూశా, నిజంగానే ఉన్నాయి. మూడు వారాల తర్వాత మా ఆవిడనీ, ఆరేళ్ల పాపనీ తీసుకుని కొరాపుట్ నుంచి సాలూరు వస్తున్నాం. సన్నగా జల్లు పడుతోంది, స్పీడు నలభై కూడా లేదు. ఒక మలుపులో ఎదురుగా లారీ కనిపించేసరికి కొంచెం బ్రేకు తొక్కా. అంతే, కారు వెనక భాగం పక్కకి జారిపోయింది. స్టీరింగ్ నా చేతుల్లోనే ఉంది, కానీ బండి నా మాట వినడం మానేసింది. అడ్డంగా తిరిగి కొండవైపు కాలువలో ఒక చక్రం దిగి ఆగింది. అదే లోయవైపు తిరిగి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించలేను. పైకి ఎక్కుతున్న లారీ డ్రైవరు మమ్మల్ని చూసి ముందే ఆపేశాడు, దిగొచ్చి క్లీనరుతో కలిసి కారును పైకి నెట్టాడు. వెళ్లేముందు వెనక టైరును గోరుతో నొక్కి చూసి, ‘‘బాబూ, ఇది రబ్బరులా లేదు, కర్రలా అయిపోయింది, మార్చేయండి’’ అన్నాడు. సాలూరులో చూపిస్తే ఆ రెండు టైర్లూ తయారై ఏడేళ్లు దాటాయని తేలింది. పాప ఆ తర్వాత రెండేళ్లు ఘాట్ రోడ్డు అంటే ఏడ్చేది.

గీతలు ఉన్నంతమాత్రాన టైరు బాగున్నట్టు కాదని నాకు తెలిసింది ఆరోజే.

టైరు రోడ్డును పట్టుకునేది రబ్బరు మెత్తదనంతో. రోడ్డు పైన కంటికి కనపడని గరుకు ఉంటుంది కదా, రబ్బరు ఆ గరుకులోకి ఒదిగిపోయి పట్టుకుంటుంది. ఎండ, వేడి, గాలి తగిలి ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరులోని నూనెలు పోయి అది గట్టిపడుతుంది, పక్కగోడ మీద సన్నటి పగుళ్లు వస్తాయి. ఇంట్లో నిలబెట్టిన కారుకైనా ఇది ఆగదు. గీతల పని వేరు, అవి నీళ్లను పక్కకు తోసేయడానికి. వాన నీళ్ల మీద టైరు వెళ్తున్నప్పుడు ఆ నీళ్లు పోవడానికి గాడి ఉండాలి, గాడి లోతు తగ్గితే నీళ్లు టైరు కిందే చిక్కుకుని పలచటి పొరలా టైరును రోడ్డు మీంచి పైకి లేపేస్తాయి, అప్పుడు కారు నీళ్ల మీద తేలుతున్నట్టే, బ్రేకు తొక్కినా స్టీరింగ్ తిప్పినా ఉపయోగం ఉండదు. కాబట్టి మంచి టైరంటే రెండూ ఉండాలి, రబ్బరు మెత్తగానూ ఉండాలి, గాడి లోతుగానూ ఉండాలి. ఒక్కో టైరు రోడ్డును తాకేది దాదాపు నీ అరచెయ్యంత మేర మాత్రమే. నాలుగు అరచేతులంత రబ్బరు మీద మీ కుటుంబమంతా ఉంటుంది.

చాలామంది ‘మా కారుకు ఏబీఎస్ ఉంది కదా’ అంటారు. 2019 ఏప్రిల్ నుంచి అమ్మే కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి, మంచిదే. కానీ ఏబీఎస్ చేసేదల్లా చక్రం బిగుసుకుపోకుండా చూడడం. టైరుకు ఎంత పట్టు ఉందో అంతవరకే అది వాడుకోగలదు, లేని పట్టును ఎక్కడినుంచీ తేలేదు.

ఒక లెక్క చెప్తా, ఇది స్కూల్లో చదువుకున్న ఫిజిక్స్ లెక్కే. తడి రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న రెండు కార్లు ఒకే చోట బ్రేకు వేశాయనుకో. మంచి టైర్లున్న కారుకు పట్టు (ఫిజిక్స్‌లో ఘర్షణ గుణకం అంటారే, అది) 0.5 అనుకుంటే అది 28 మీటర్లలో ఆగుతుంది. అరిగి గట్టిపడిన టైర్ల కారుకు పట్టు 0.35కి పడిపోయిందనుకుంటే ఆగడానికి 40 మీటర్లు కావాలి. పన్నెండు మీటర్లే కదా అనిపిస్తుంది. కానీ మొదటి కారు పూర్తిగా ఆగిపోయిన చోట రెండో కారు ఇంకా గంటకు 33 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ ఉంటుంది. అక్కడ ఒక ఆవు ఉండొచ్చు, సంతకు నడిచి వెళ్లే మనుషులు ఉండొచ్చు, ఆగిన లారీ ఉండొచ్చు. ఇది చదునైన రోడ్డు లెక్క. దిగుడులో ఇంకా దూరం పోతుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. నువ్వు అడిగింది అదే కాబట్టి దాన్ని దాటేయను, షాపు నడిపే మనిషికి 22 వేలు ఒకేసారి తీయడం ఎంత కష్టమో నాకు తెలుసు. బావగారి మాట అక్షరాలా నిజమే అనుకుందాం, ఆ టైర్లు ఏడాదిన్నర నడుస్తాయి. నెలకు వెయ్యి కిలోమీటర్లంటే 18 వేల కిలోమీటర్లు. నాలుగు టైర్లకు 7,200. కొత్త మంచి టైర్లు గాలి సరిగ్గా చూసుకుంటూ వాడితే 45 వేల కిలోమీటర్లు వస్తాయనుకుందాం, ఘాట్‌లో తిరుగుతావు కాబట్టి కావాలనే ఎక్కువ వేయట్లేదు. అంటే నీకు దాదాపు నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లలో సెకండ్ హ్యాండువి ఎన్నిసార్లు వేయించాలి? మూడు సెట్లు. మూడు ఏడు వేల రెండొందలు 21,600. నువ్వు మిగుల్చుకున్నది నాలుగు వందలు. అది కూడా వేసిన ప్రతిసారీ ఫిట్టింగు, బ్యాలెన్సింగు, అలైన్‌మెంటుకు ఇచ్చే డబ్బు కలపకుండా, అవి కలిపితే సెకండ్ హ్యాండే ఎక్కువ పడుతుంది. ఒకవేళ ఏడాదికే మార్చాల్సి వస్తే నాలుగు సెట్లు, 28,800. ఇంక ఆ టైర్ల మీద ఒక్క పెద్ద పంక్చరు, ఒక్కరోజు ఘాట్ మధ్యలో అమ్మతో ఆగిపోవడం, డాక్టరు అపాయింట్‌మెంటు పోవడం, వీటికి నేను లెక్క వేయను, నువ్వే వేసుకో.

సెకండ్ హ్యాండు టైర్లు ఎక్కడినుంచి వస్తాయో కూడా చెప్పాలి. కొన్ని నిజంగా మంచివే ఉంటాయి. కొత్త కారు కొన్న నెలకే పెద్ద చక్రాలు వేయించుకునేవాళ్లు తీసేసినవి అలాంటివి, వాటి మీద తారీఖు కొత్తగా ఉంటుంది, రబ్బరు మీద పుట్టినప్పటి సన్న వెంట్రుకల్లాంటి ముళ్లు కూడా కనిపిస్తాయి. అలాంటివి ఎవరైనా తెలిసినవాళ్లు నేరుగా ఇస్తే నేను కాదనను. కానీ 1,800కి బజారులో దొరికేవి ఎక్కువ భాగం అవి కావు. ప్రమాదంలో దెబ్బతిన్న కార్లవి ఉంటాయి, గాలి లేకుండా కొంత దూరం నడిపినవి ఉంటాయి, గుంతలో పడి లోపలి దారాలు తెగినవి ఉంటాయి. టైరు లోపల పాలియెస్టర్ దారాల పొరలూ, పైన ఉక్కు తీగల పట్టీలూ ఉంటాయి, బలమంతా వాటిదే, పైనున్న నల్ల రబ్బరుది కాదు. ఆ దారం తెగితే బయటినుంచి చూస్తే తెలియదు, కొన్నాళ్లకు పక్కగోడ మీద గుడ్డు ఆకారంలో ఉబ్బు వస్తుంది, ఆ తర్వాత ఒకరోజు దిగుడులో, టైరు వేడెక్కినప్పుడు, పగులుతుంది. ఇంకో మోసం కూడా ఉంది, అరిగిన టైరుకు వేడి బ్లేడుతో గీతలు మళ్లీ లోతుగా చెక్కి నల్ల పాలిష్ కొట్టి అమ్ముతారు. చూడ్డానికి నిగనిగలాడుతుంది, కానీ గాడి అడుగున ఉక్కు తీగలకీ రోడ్డుకీ మధ్య రబ్బరు ఇంచుమించు మిగలదు. బావగారు మోసం చేస్తున్నారని నేననట్లేదు, ఆయనకు అమ్మేవాడికి కూడా ఆ టైరు చరిత్ర తెలిసే అవకాశం లేదు.

‘లారీల వాళ్లు పాత టైర్లకు కొత్త తొడుగు వేయించి వాడట్లేదా’ అని నిన్ను ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, సాలూరు మనుషులైతే మరీ అడుగుతారు. వాడతారు, మా నాన్నా వాడారు. లారీ టైరు లోపలి కట్టుబడి ఒకటి రెండుసార్లు పైతొడుగు మార్చుకోడానికి వీలుగా గట్టిగా చేస్తారు. అయినా తెలిసిన డ్రైవరు ఎవరూ వాటిని స్టీరింగ్ చక్రాలకు వేయడు, వెనక జంట చక్రాలకు వేస్తాడు, అక్కడ ఒకటి పోయినా పక్కది మోస్తుంది. నీ కారుకు పక్క చక్రం లేదు కదా.

వెడల్పు టైర్ల సంగతికి వస్తే, మీ ఫ్రెండు నీ మంచికే చెప్పాడు, ఎండలో తిన్నని రోడ్డు మీద అతని మాటలో కొంత నిజం ఉంది. వానలో మాత్రం అదే గాలి, అదే గాడి లోతు ఉన్నప్పుడు వెడల్పు టైరు నీళ్ల మీద తొందరగా తేలుతుంది, ఎందుకంటే అది తోయాల్సిన నీళ్లు ఎక్కువ. పైగా స్టీరింగ్ బరువెక్కుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఫుల్లుగా తిప్పినప్పుడు లోపల మడ్‌గార్డుకు రాసుకోవచ్చు, చక్రం చుట్టుకొలత మారితే స్పీడోమీటరు తప్పు చూపిస్తుంది. కంపెనీ ఇచ్చిన సైజే వేయించు.

నాలుగా, రెండా? నీ విషయంలో నాలుగు. నీ టైర్లు కారుతో వచ్చినవి కాబట్టి నాలుగింటికీ ఒకే వయసు, గీతలు ఎంత మిగిలాయన్న దాంతో పనిలేదు. టైరు కంపెనీలే ఐదేళ్లు దాటాక ఏటా చూపించుకోమంటాయి, ఎంత బాగున్నా పదేళ్లకు మించి వద్దంటాయి, చాలా కార్ల కంపెనీలు ఆరేళ్లకే మార్చమంటాయి. మన ఎండలకూ ఘాట్ వేడికీ నేనైతే ఆరేళ్లకే మార్చమంటా. డబ్బు నిజంగా కుదరకపోతే ఇప్పుడు రెండు, రెండు నెలల్లో ఇంకో రెండు వేయించు, అంతేగానీ సెకండ్ హ్యాండు జోలికి పోకు.

అలా రెండే వేయిస్తే మాత్రం కొత్తవి వెనక్కి వేయించాలి. ఇది చాలామందికి తలకిందులుగా అనిపిస్తుంది, నీ కారును ముందు చక్రాలే లాగుతాయి, అవే ముందు అరుగుతాయి, షాపులో కూడా అలవాటుగా కొత్తవి ముందుకు బిగించేస్తారు. కానీ జారినప్పుడు ఏమవుతుందో చూడు. ముందు చక్రాలు జారితే కారు మలుపు తిరక్క నేరుగా పోతుంది, యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే వేగం తగ్గి మళ్లీ పట్టు దొరుకుతుంది, మామూలు డ్రైవరు కూడా సర్దుకోగలడు. వెనక చక్రాలు జారితే కారు బొంగరంలా తిరిగిపోతుంది, దాన్ని సరిచేయడం మనలాంటివాళ్ల వల్ల కాదు. సుంకిలో నాకు జరిగింది అదే. కాబట్టి మిగిలినవాటిలో మంచివి ముందుకు, కొత్తవి వెనక్కి. షాపువాడు కాదన్నా పట్టుపట్టు.

ఇక కొనేటప్పుడు చూడాల్సినవి. టైరు పక్కన 185/65 ఆర్ 15 88 హెచ్ లాంటి రాత ఉంటుంది. 185 మిల్లీమీటర్లు వెడల్పు, 65 అంటే ఆ వెడల్పులో అరవై ఐదు శాతం పక్కగోడ ఎత్తు, 15 అంగుళాల రిమ్ము. 88 అంటే ఆ ఒక్క టైరు 560 కిలోలు మోయగలదని, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. ఈ చివరి రెండూ మీ స్టిక్కరులో ఉన్నదానికంటే తక్కువవి తీసుకోకు, తక్కువ రేటు టైరు చాలాసార్లు ఇక్కడే తేడా కొడుతుంది. తర్వాత డాట్ (DOT) అని మొదలయ్యే రాత చివర నాలుగు అంకెలు చూడు, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2325 అంటే 2025లో 23వ వారం. ఆర్నెల్లు మించనిది అడుగు, ఏడాది దాటిన స్టాకు ఇస్తే వద్దను. చిన్న ఊళ్లలో, ముఖ్యంగా తక్కువ అమ్ముడయ్యే సైజుల్లో, గోడౌన్‌లో పడున్న సరుకు అంటగట్టడం మామూలే. నాలుగు టైర్ల మీదా చూడు, ఒకటి చూసి ఊరుకోకు. ఆ రాత ఒక్కోసారి లోపలివైపు ఉంటుంది, కాబట్టి బిగించకముందే చూసుకోవాలి. ఐఎస్ఐ గుర్తు ఉండాలి.

ఏ కంపెనీ అని అడిగితే నేను ఒక్క పేరు చెప్పను. ఎంఆర్ఎఫ్, అపోలో, సియట్, జేకే, బ్రిడ్జ్‌స్టోన్, మిషెలిన్, గుడ్‌ఇయర్, యొకొహామా, వీటిలో నీకు అందుబాటులో ఉన్నది, సర్వీసు దొరికేది ఏదైనా పరవాలేదు. కంపెనీ కంటే రకం ముఖ్యం. ఒకే కంపెనీలో కూడా ‘ఎక్కువ కిలోమీటర్లు వస్తుంది’ అని అమ్మేది ఒకటుంటుంది, ‘తడిలో పట్టు బాగుంటుంది’ అని అమ్మేది ఒకటుంటుంది. మామూలుగా ఎక్కువ కాలం వచ్చేదానికి రబ్బరు కాస్త గట్టిగా ఉంటుంది. నీకు రెండో రకం కావాలి. రబ్బరులో సిలికా కలిపినవి తడి రోడ్డు మీద బాగా పనిచేస్తాయి, పెట్రోలూ కొంత కలిసొస్తుంది. కొన్ని టైర్ల మీద ట్రాక్షన్ అని రాసి పక్కన ఏఏ, ఏ, బీ, సీ అక్షరాలు ఉంటాయి, అది తడి రోడ్డు మీద బ్రేకు వేసి పరీక్షించి ఇచ్చే గ్రేడు, ఏకి తగ్గకుండా చూసుకో. అన్నిటికంటే ఖరీదైనది కొనమని నేను చెప్పట్లేదు, నీ కారుకు, నీ దారికి సరిపోయేది మధ్యరకం రేటులోనే దొరుకుతుంది. కొత్త టైర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది, కాబట్టి ఆ 22 వేలు పాత రేటా కొత్త రేటా అడుగు. బిల్లు లేకుండా తగ్గిస్తానంటే ఒప్పుకోకు, రేపు టైరులో లోపం బయటపడితే వారంటీకి ఆ బిల్లే ఆధారం.

బిగించేటప్పుడు రబ్బరు వాల్వులు కూడా కొత్తవి వేయించు, వాటికయ్యేది చాలా తక్కువ, పాతవి పగిలితే గాలి మెల్లగా పోతూ ఉంటుంది. బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు అప్పుడే చేయించు, లేకపోతే కొత్త టైరు ఒకవైపే అరిగిపోయి నేను పైన వేసిన లెక్కంతా పాడవుతుంది. నైట్రోజన్ పెట్టించమంటారు, పెట్టించినా నష్టం లేదు, కానీ మామూలు గాలిలో 78 శాతం అదే, దానికోసం తాపత్రయపడక్కర్లేదు.

గాలి మాత్రం పదిహేను రోజులకోసారి చూడాలి. మంచి టైరును పాడుచేసేది ఎక్కువగా తక్కువ గాలే. మా నాన్న లారీ ఎక్కేముందు క్లీనరు ఇనుప రాడ్డుతో ఒక్కో టైరునీ కొట్టి చప్పుడు వినేవాడు, గాలి తగ్గినదాని చప్పుడు వాళ్ల చెవికి తెలిసిపోయేది. నీకు ఆ చెవి అక్కర్లేదు, ఓ చిన్న గేజి కొనుక్కుని డిక్కీలో పెట్టుకో. గాలి తక్కువగా ఉంటే పక్కగోడ ప్రతి చుట్టులోనూ వంగి లేచి వేడెక్కుతుంది, ఘాట్‌లో ఆ వేడే టైరును చంపేస్తుంది. పొద్దున్నే బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఐదారు డిగ్రీల వేడి మారితే గాలి ఒత్తిడిలో సుమారు ఒక పీఎస్ఐ (గేజిలో కనిపించే కొలత) తేడా వస్తుంది. చలికాలంలో సెమిలిగుడ చలికీ విశాఖ మధ్యాహ్నానికీ ఎంత తేడానో నీకు తెలుసు, అందుకే అక్కడికి చేరాక గేజిలో ఎక్కువ చూపించిందని గాలి తీసేయించకు, మర్నాడు పొద్దున్న చల్లటి కొండల్లోకి తక్కువ గాలితో ఎక్కుతావు. కారు నిండా మనుషులు, సామాను ఉంటే స్టిక్కరు మీద ఫుల్ లోడుకు వేరే అంకె ఉంటుంది, అది పెట్టించు.

గాడి లోతు కూడా చూస్తూ ఉండు. కొత్త టైరుకు ఏడెనిమిది మిల్లీమీటర్లు ఉంటుంది. గాడి అడుగున అక్కడక్కడా చిన్న దిమ్మెలు ఉంటాయి, రబ్బరు అరిగి వాటితో సమానమైతే 1.6 మిల్లీమీటర్లకు వచ్చినట్టు, అక్కడితో టైరు పని అయిపోయింది. మన ఘాట్‌లలో వానాకాలం మొదలయ్యేలోపు మూడు మిల్లీమీటర్లకు వస్తే మార్చేయడం మంచిది. పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలు సరిపోతుంది కొలవడానికి. పక్కగోడకు పంక్చరు పడితే ఎవరు వేస్తానన్నా వేయించకు, ఆ టైరు తీసేయాల్సిందే. స్టెప్నీ కూడా కారుతో పాటు వచ్చిందే అయ్యుంటుంది కదా, అది ఘాట్ దాటి మంచి షాపు దాకా చేరుకోడానికే, చిన్న సైజు స్టెప్నీ అయితే గంటకు 80 దాటకూడదు.

బావగారి దగ్గర ఎలా చెప్పాలా అని ఇబ్బంది పడుతుంటావు, అక్క మనసు కూడా చూసుకోవాలి కదా. వద్దని మొహం మీద చెప్పకు. టైర్ల బజారులో ఆయనకు పరిచయాలున్నాయి కాబట్టి ఆ సాయమే అడుగు: ‘‘బావగారూ, అమ్మ కూర్చునే బండి కాబట్టి భయంగా ఉంది, కొత్తవే వేయిద్దామనుకుంటున్నా, మీకు తెలిసిన చోట రేటు మాట్లాడి పెట్టండి, పాతవాటికి ఎంతో కొంత ఇప్పించండి’’ అను. పెద్దరికం ఇచ్చినట్టూ ఉంటుంది, వెయ్యో రెండు వేలో తగ్గినా తగ్గుతుంది. చాలా షాపుల్లో కార్డు మీద వాయిదాలు కూడా ఇస్తున్నారు, నాలుగైదు నెలలకు పెట్టుకుంటే షాపు మీద బరువు పడదు. సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టం లాంటివేమైనా ఈ ఏడాది అనుకుని ఉంటే అవి వచ్చే ఏడాదికి వాయిదా వేయి.

ఇంకొక్కటి, ప్రయాణం 20న అన్నావు. 10వ తేదీలోపే టైర్లు వేయించు, ముందురోజు వేయించి మర్నాడు ఘాట్ దిగకు. ఫ్యాక్టరీలో అచ్చులోంచి టైరు తేలిగ్గా రావడానికి పూసిన పదార్థం పైపొర మీద కొంత ఉంటుంది, రెండు మూడొందల కిలోమీటర్లు తిరిగాకే అసలు పట్టు వస్తుంది. ఆ పది రోజుల్లో నవరంగపురం వైపు రెండు మూడుసార్లు మెల్లగా వెళ్లిరా, సడన్ బ్రేకులు వేయకు. తిరిగొచ్చాక చక్రం నట్లు ఒకసారి మళ్లీ బిగింపు చూపించుకో, గాలి సరిచేయించు. 20న పొద్దున్న అమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టినప్పుడు ఆవిడకు కూడా బెల్టు పెట్టు, ఘాట్‌లో రెండో గేరులో దిగు.